గంజి వదలని గుడ్డ మీద ఎంత జిగురు పూసినా అంతే

దసరా దగ్గర పడిందంటే చాలు, మన బెజవాడ, గుంటూరు చేతిపనుల ఆన్‌లైన్ గ్రూపులన్నీ గుడ్డ తోరణాలతో, అద్దాల వాల్ హ్యాంగింగులతో, పాత చీరల కొలాజ్‌లతో నిండిపోతాయి. ఫొటోలో చూస్తే కళ్ళు చెదురుతాయి. సంక్రాంతికి అదే తోరణం చూడండి: సగం అద్దాలు రాలిపోయి, రంగు పెచ్చులు లేచి, అంచుల దగ్గర పోగులు వేలాడుతూ ఉంటుంది. పైన పటారం లోన లొటారం అంటారే, అచ్చం అదే. చేసినవాళ్ళకి చెయ్యి తిరగలేదా అంటే బ్రహ్మాండంగా తిరిగింది. డిజైనుకీ వంక పెట్టలేం. తప్పల్లా రెండే: గుడ్డకి గంజి వదలగొట్టకుండా పని మొదలెట్టడం, సూదితో కుట్టాల్సినదాన్ని జిగురుతో అంటించెయ్యడం.

ఇంట్లో ఓ మూల టేబులు, కుట్టు మిషను పెట్టుకుని "హోమ్ స్టూడియో" అనగానే వీడియోల్లో ముందు చూపించేది గ్లూ గన్. నన్నడిగితే ముందు కొనాల్సింది పది లీటర్ల స్టీలు గిన్నె. అల్యూమినియంది వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. గుడ్డ ఉడకబెట్టిన గిన్నెలో మళ్ళీ అన్నం వండకూడదని వేరే చెప్పాలా!

అంతకన్నా ముందు గుడ్డ ఏమిటో తెలియాలి. బెజవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో కొట్టు దాటి కొట్టు తిరిగి "ప్యూర్ కాటనేనా బాబాయ్?" అని అడిగితే "ప్యూరేనమ్మా" అనే వస్తుంది జవాబు. ఇంటికొచ్చి పడుగు (నిలువు పోగులు) వైపు నుంచి నాలుగు పోగులు, పేక (అడ్డం పోగులు) వైపు నుంచి నాలుగు పోగులు లాగి విడివిడిగా అగ్గిపుల్లతో కాల్చండి. విడివిడిగా ఎందుకంటే, కొన్ని గుడ్డల్లో పడుగు పాలిస్టరు, పేక నూలు ఉంటుంది, ఒకవైపే కాలిస్తే తెలియదు. కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. వెంట్రుక కాలిన వాసనొచ్చి, మిగిలిన నల్ల ఉండ వేళ్ళ మధ్య నలిగిపోతే పట్టు. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టరు. పాలిస్టరు మీద కరక్కాయ, పటికతో అద్దే రంగులు నిలవవు, ఇస్త్రీ వేడి కొంచెం ఎక్కువైతే గుడ్డే ముడుచుకుపోతుంది.

ఇప్పుడు గంజి సంగతి. నేతలో పడుగు పోగులు తెగకుండా గంజి పట్టిస్తారు. మంగళగిరి చేనేత అయినా, మిల్లు గుడ్డ అయినా ఇది ఉంటుంది. మిల్లు గుడ్డకైతే నిగనిగలాడడానికి పైన ఇంకో పూత కూడా వేస్తారు. కొత్త గుడ్డ మీద ఒక నీటి చుక్క వేసి చూడండి. తామరాకు మీద నీటిబొట్టులా నిలబడిందంటే, మీరు వేసే రంగూ జిగురూ కూడా అలాగే పైపైన నిలబడతాయి. గంజి ఉందో లేదో ఇంకా కచ్చితంగా తెలియాలంటే, మందుల డబ్బాలో ఉన్న టించర్ అయోడిన్‌లో నీళ్ళు కలిపి గుడ్డ మూల మీద ఒక్క చుక్క వెయ్యండి. లేత గోధుమరంగులో ఉండిపోతే సరే. కళ్ళ ముందే నీలంలోకి, నీలం నుంచి నలుపులోకి తిరిగిందా, అదిగో మీ గంజి. అద్దాలు రాలిపోయేది దీని వల్లే: జిగురు పట్టుకున్నది గంజినే గానీ పోగుని కాదు. గాల్లో చెమ్మకి గంజి మెత్తబడగానే, దాన్ని పట్టుకున్నదంతా జారిపోతుంది.

వదలగొట్టడం పెద్ద విద్యేం కాదు. రాత్రంతా మామూలు నీళ్ళలో నానబెట్టాలి. పొద్దున పిండి, అర కిలో గుడ్డకి పది లీటర్ల నీళ్ళు, ఇరవై గ్రాముల బట్టల సోడా (వంట సోడా కాదు సుమా), ఒక చెంచా సబ్బు నీళ్ళు వేసి, సన్న సెగ మీద గంటసేపు ఉంచాలి. నీళ్ళు పలచటి టీ రంగులోకి వస్తాయి. చూసి గాభరా పడకండి, అదంతా గుడ్డలోంచి పోతున్న మైనం, మురికి. ఆ నీళ్ళు పారబోసి మూడుసార్లు జాడించి, ఆరాక మళ్ళీ నీటి చుక్క వెయ్యాలి. టక్కున ఇంకిపోతే పని అయినట్టు. ఇదంతా తెల్ల నూలు గుడ్డకే. పట్టుకి సోడా తగలకూడదు, మెరుపూ బలమూ రెండూ పోతాయి. రంగు గుడ్డని ఉడకబెట్టొద్దు, చల్లటి నీళ్ళు చాలు. "ఉప్పు వేస్తే రంగు వదలదు" అని ఇంటింటా చెబుతారు. ఒకసారి అద్దేసిన గుడ్డకి ఉప్పు చేసేదేమీ లేదు. తడి గుడ్డ మీద తెల్ల ముక్క వేసి ఇస్త్రీ పెట్టె నొక్కి చూడండి, రంగు దిగుతుందో లేదో ఆ ముక్కే చెబుతుంది.

ఉతకడంలో ఇంకో లాభం, గుడ్డ ముందే కుంచించుకుపోతుంది. మీటరు గుడ్డ మొదటి తడికే మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు తగ్గుతుంది, వదులు నేతైతే ఇంకా ఎక్కువ. ఉతకని అడుగు గుడ్డ మీద పదేళ్ళు ఉతికిన పాత చీర ముక్కలు కుట్టారనుకోండి, ఒక్క తడికి అడుగు లాగేస్తుంది, పైది లాగదు. ముక్కలన్నీ అప్పడాల్లా పొంగుతాయి. అప్పుడు ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు. అలాగే పడుగు పేకల దారి చూసి కొయ్యాలి. కత్తెరతో చిన్న గాటు పెట్టి చేత్తో చింపితే గుడ్డ తన దారిలోనే చిరుగుతుంది, అదే సిసలైన తిన్నని అంచు. క్రాసుగా కోసిన ముక్క గోడకి వేలాడదీస్తే నెల తిరిగేసరికి సాగి ఒక పక్కకి జారుతుంది.

మన పక్కనే ఉన్న పెడన కలంకారీ పద్ధతి చూడండి. ఉతికిన గుడ్డని కరక్కాయ కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెట్టాకే అచ్చు ముట్టుకుంటారు. కరక్కాయలోని వగరు పటిక, ఇనుము లాంటి లోహపు ఉప్పుల్ని పట్టుకుంటుంది. నల్లరంగు ఇనప ముక్కలు, బెల్లం పులియబెట్టిన కసిం నుంచి వస్తుంది. ఎర్రరంగు రావాలంటే పటిక కావాలి. ఇంత వరస ఉన్న విద్య మన జిల్లాల్లోనే బతుకుతుంటే, మనవాళ్ళు బీట్‌రూట్ తురిమి పిండి "నేచురల్ డై" అని వీడియోలు పెడుతున్నారు. అది అద్దకం కాదమ్మా, మరక. రెండు ఉతుకులకి పోతుంది. పసుపు అయితే ఉతుక్కి కొంత ఆగుతుంది గానీ ఎండకి అస్సలు ఆగదు, పడమటి కిటికీ దగ్గర వారం రోజులు పెడితే తెల్లబోతుంది. నిజంగా ఇంట్లో అద్దాలనుంటే వంద గ్రాముల గుడ్డకి ఇరవై గ్రాముల కరక్కాయ పొడి, ఆ తర్వాత పదిహేను గ్రాముల పటిక, ఆపైన ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరు. నలుపు తిరగాలంటే అన్నభేది (ఇనుము ఉప్పు) రెండు గ్రాములు మించొద్దు, మించితే గుడ్డ నాలుగేళ్ళకే అటుకుల్లా పొడిపొడిగా చిరుగుతుంది. బోరు నీళ్ళలో ఇనుము ఉంటే మీరు వెయ్యకుండానే రంగు మబ్బు పడుతుంది, అందుకే కుళాయి నీళ్ళు వాడండి.

సరే, జిగురు దగ్గరికి వద్దాం. అసలు కడుపు మంట అక్కడే.

గ్లూ గన్‌లో కడ్డీ వేడికి కరిగి, చల్లారి గట్టిపడుతుంది. వేడికి కరిగేది వేడికే మెత్తబడుతుంది కూడా. మే నెలలో మన ఊళ్ళో పడమటి గుమ్మం మీద, లేదా ఎండలో ఆపిన కారులో అది ఏమవుతుందో ఆలోచించండి. తోరణం డెలివరీకని కారు వెనక సీట్లో పెట్టి గంట ఆలస్యంగా వెళితే, ఇచ్చేసరికి పూసలన్నీ కవరు అడుగున ఉంటాయి.

తెల్ల జిగురు చెక్కకి మంచిదే, ఎందుకంటే చెక్క దానిలోని నీళ్ళని పీల్చేస్తుంది. గుడ్డ మీద అద్దం అంటిస్తే ఏమవుతుంది? పైన గాజు, నీళ్ళు వెళ్ళడానికి దారి తక్కువ. అంచుల చుట్టూ ఆరి గట్టిపడుతుంది, నడుమ మాత్రం రోజుల తరబడి పాలలా పచ్చిగానే ఉంటుంది. గోరుతో నొక్కితే అద్దం కదిలేది అందుకే. పైగా మామూలు తెల్ల జిగురు ఆరాక కూడా తడి తగిలితే మళ్ళీ మెత్తబడుతుంది. "వాషబుల్" అని రాసి అమ్మే బ్యాగు మీద అది వాడడం కొనేవాళ్ళని మోసం చెయ్యడమే, ఇంకో మాట లేదు. పసుపు పచ్చటి రబ్బరు జిగురు పట్టు మీద నెలల తర్వాత నూనె మరకలా పైకి తేలుతుంది. మైదా జిగురు చవక, కాగితానికి బాగుంటుంది, కానీ వానాకాలంలో బూజు, ఆ తర్వాత పురుగు. బైండింగు వాళ్ళు అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేది అందుకే. అది విషం, పిల్లలున్న ఇంట్లో నేనైతే వద్దనే అంటాను.

జిగురు తప్పనిసరైతే కొండపల్లి వైపు చూడండి. తెల్లపొణికి చెక్క ముక్కల్ని అతకడానికి అక్కడ వాడేది చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు. ఇంట్లో చెయ్యొచ్చు: చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టి, యాభై గ్రాముల పొడిని ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, అర లీటరు నీళ్ళలో పోసి సన్న సెగ మీద పావుగంట తిప్పుతూనే ఉండాలి. గరిటె నుంచి తేనెలా తీగ సాగితే దించండి. కాగితం, చెక్కపొట్టు, జనపనార గుడ్డ మీద పడితే గట్టిగా పట్టుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టినా మూడు నాలుగు రోజులే, వాసనొస్తే పారెయ్యండి. ఇదీ పిండి పదార్థమే గనక తడి తగిలే వస్తువుకి వద్దు, గోడ మీదికే.

ఇక అద్దానికి లంబాడీ కుట్టుని మించింది లేదు. ఆరు పోగుల దారంలో మూడు పోగులు చాలు. ముందు అద్దం అంచుని తడిపిన గరుకు కాగితం మీద రెండుసార్లు రుద్దండి, లేకపోతే ఆ పదునే దారాన్ని కోస్తుంది. అద్దం మీదుగా నిలువు రెండు, అడ్డం రెండు దారాలు అంచుకి దగ్గరగా బిగించి, మళ్ళీ ఐమూలగా నాలుగు. ఆ చట్రాన్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టు. మొదటి ఎనిమిది దారాలు వదులైతే ఆ తర్వాత ఏం చేసినా అద్దం ఊగుతుంది, బిగువంతా అక్కడే. ఒక్కో అద్దానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఓపిక లేకపోతే అద్దాలు తగ్గించండి, జిగురు పెంచకండి.

కొలాజ్‌లో కాగితాన్ని గుడ్డకి మిషను మీద కుట్టేటప్పుడు కుట్టు పొడవు మూడున్నర మిల్లీమీటర్లు పెట్టండి. చిన్న కుట్టు వేస్తే పోస్టు స్టాంపు అంచులా బెజ్జాల వరస పడి, కాగితం ఆ గీత మీదే చిరుగుతుంది. మొదట్లో, చివర్లో వెనక్కి ముందుకి రివర్సు కుట్టు వెయ్యొద్దు. దారాలు వెనక్కి లాగి చేత్తో ముడి వెయ్యండి. 14 నంబరు సూది చాలు, కాగితానికి వాడిన సూదిని మళ్ళీ జాకెట్టు గుడ్డకి వాడొద్దు, మొద్దుబారి పోగులు లాగేస్తుంది. పచ్చి జిగురు మీంచి కుడితే సూది బంకపట్టి కుట్లు దాటేస్తుంది. అప్పుడు మిషను మెకానిక్కుని తిడతారు, పాపం.

పని వరస కూడా ముఖ్యం. ముందు రంగు, తర్వాత ఇస్త్రీ, తర్వాత కుట్టు, చివర్లో పూసలు, చెమ్కీ. చెమ్కీ వేశాక ఇస్త్రీ చెయ్యలేరు, కరిగిపోతుంది. అక్రిలిక్ రంగులో సమానంగా ఫాబ్రిక్ మీడియం (రంగు గుడ్డకి పట్టేలా కలిపే ద్రవం) కలిపి పలచగా రెండు పూతలు వెయ్యండి. మందంగా ఒక్క పూత వేస్తే మడత పడ్డచోట పగిలిపోతుంది. రోజంతా ఆరాక వెనకవైపు నుంచి, ఆవిరి లేకుండా, కాటన్ వేడి మీద మూడు నాలుగు నిమిషాలు ఇస్త్రీ. మూడు రోజుల దాకా నీళ్ళు తగలనివ్వొద్దు. మే నెలలో పళ్ళెంలోని రంగు మీద ఐదు నిమిషాలకే మీగడ కడుతుంది, కింద తడి గుడ్డ పరిచి దాని మీద బటర్ పేపరు వేసి రంగు పెట్టుకోండి. అక్టోబరు ముసుర్లో అదే రంగు రెండు రోజులైనా చేతికి అంటుతుంది, ఆరింది కదాని మడత పెడితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

పాలిథిన్ కవర్లో కట్టి అమ్మే అలవాటు మానండి. లోపల చెమ్మ చేరి వారంలో నల్ల చుక్కలు. పాత నూలు చీర ముక్కలో చుట్టండి, మడత కాదు, గొట్టం మీద చుట్టాలి, రంగు వైపు బయటికి.

కొనేవాళ్ళకి కూడా ఒక మాట. ముందు వైపు ఎంత మెరుస్తుందో ఫొటోలో చూశారు కదా, డబ్బులిచ్చే ముందు వెనక్కి తిప్పండి. ప్రతి అద్దం వెనకా దారాలు కనిపించాలి. వాల్ హ్యాంగింగుని వేలాడదీసే వెదురు కర్ర గుడ్డతో కుట్టిన గూడులోంచి వెళ్ళాలి, వెనక అంటించి ఉండకూడదు. అడుగు గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూడండి: పెళపెళమని చప్పుడైతే గంజి ఇంకా లోపలే ఉంది.