గిన్నె నానుతోంది

ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, పంచుకోవడానికి మనిషి కావాలని నలుగురి చెవిన వేసి చూడండి. వచ్చిన ప్రతి మహానుభావుడూ గుమ్మం దాటకముందే ఒకటే మాట అప్పజెబుతాడు: "నాతో ఏ ఇబ్బందీ ఉండదండీ, నేను బాగా అడ్జస్ట్ అయిపోతాను." అందరికీ ఒకే మాస్టారు బెత్తం పట్టుకుని వల్లె వేయించినట్టు, అక్షరం పొల్లుపోదు. సరే, నమ్ముదాం. మానవజాతి మొత్తం ఇంత సర్దుకుపోయే రకమైతే సింకులో ఆ గిన్నె ఎవరిదండీ?

ఆ గిన్నె మీకు తెలుసు. ఆదివారం రాత్రి అడుగంటింది. అందులో తప్పేం లేదు, అడుగంటడం గిన్నెల జన్మహక్కు. సదరు సర్దుబాటు స్వరూపుడు దాన్ని సింకులో పెట్టి, నిండా నీళ్ళు పట్టి, "నానబెట్టాను" అని ప్రకటించి నిద్రకు ఉపక్రమించాడు. నిజానికి మాడిన గిన్నె నానడానికి కావలసింది వేడినీళ్ళు, నాలుగు చుక్కల సబ్బు, ఓ అరగంట. మాడు నీళ్ళు పీల్చి, ఉబ్బి, మెత్తబడుతుంది. అప్పటికీ మొండికేస్తే, అల్యూమినియం గిన్నె కాకపోతే, ఒక చెంచా వంటసోడా వేసి పది నిమిషాలు మరిగిస్తే చాలు. ఆ పైన నానేదంటూ ఏమీ లేదు. నీళ్ళు చల్లారతాయి, తేలిన జిడ్డు తిరిగి అంచులకే పట్టుకుంటుంది.

అయినా సోమవారం గిన్నె నానుతోంది. మంగళవారం రెండు గ్లాసులు, ఒక గరిటె పుష్కర స్నానానికి వచ్చినట్టు వచ్చి అందులోనే దిగాయి. బుధవారం నీటి మీద తెట్టు కట్టింది. గురువారం వాసన మొదలైంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీల సెల్సియస్‌కూ మధ్య బాక్టీరియాకు రోజూ పండగే, ఆ సింకు ఉన్నది సరిగ్గా ఆ మధ్యనే. శుక్రవారం అడిగారనుకోండి, కళ్ళు పెద్దవి చేసి, "అదా? నానుతోంది కదా!" ఐదు రోజులు నానితే గింజైనా మొలకెత్తుతుంది. గిన్నె మాత్రం తనను తాను తోముకున్న దాఖలా ఇంతవరకూ లేదు.

కాబట్టి "మీరు శుభ్రంగా ఉంటారా?" అని అడగడం శుద్ధ దండగ. ఉండనని చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. స్వభావం అడక్కండి, మొన్నటి సంగతి అడగండి. బాత్రూము చివరిసారి ఎప్పుడు కడిగారు, దేంతో? వారం పేరూ, బ్రష్షూ రెండూ చెప్పాడంటే కడిగాడు. "అప్పుడప్పుడూ కడుగుతుంటా"నంటే పక్కవాడు కడిగాడు. నీళ్ళు పోయే జాలీలో వెంట్రుకలు ఎన్నాళ్ళకోసారి తీస్తారని అడిగితే "ఏ జాలీ?" అన్నాడా, ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది. అలారం ఎన్నిసార్లు మోగితే లేస్తారన్నది కూడా వదలొద్దు. ఐఫోన్‌లో స్నూజు మామూలుగా 9 నిమిషాలు. ఐదుసార్లు నొక్కితే ముప్పావుగంట. ఆ ముప్పావుగంటా గోడ ఇవతల మీరు లేస్తూనే ఉంటారు, లేవనిది అతనొక్కడే.

మనిషి ఎలాంటివాడని పాత ఇంటి ఓనర్ని వాకబు చేసేవాళ్ళున్నారు. అద్దె వచ్చిందా లేదా అన్నదొక్కటే ఓనరుకు తెలుస్తుంది. మీకు కావలసింది పాత రూమ్మేటు. ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "మళ్ళీ అతనితో ఉంటారా?" జవాబు అక్కర్లేదు, జవాబుకు ముందు వచ్చే నిశ్శబ్దం ఎంతసేపుందో చూసుకోండి.

"అప్పుడప్పుడూ ఫ్రెండ్ వస్తుంటారు" అన్నది ఇంకో మాయమాట. వారానికి ఎన్ని రాత్రులు? అంకె కావాలి. అయిదు రాత్రులనుకుందాం. ఇద్దరున్న ఇంట్లో వారానికి పద్నాలుగు మనిషి-రాత్రులు, ఫ్రెండుగారివి అయిదు, వెరసి పంతొమ్మిది. అందులో పన్నెండు అవతలి గదివి, అంటే 63 శాతం. కరెంటు బిల్లు మాత్రం చెరిసగం! గీజరుకు ఈ లెక్క తెలుసు, మీటరుకూ తెలుసు, అతనికొక్కడికే తెలీదు.

అగ్రిమెంటు సంగతి క్లుప్తంగా. ఇద్దరి పేర్లూ ఉమ్మడి బాధ్యత కింద ఉంటే, ఒకడు ఎగ్గొట్టినా మొత్తం అద్దె రెండోవాణ్ణి అడిగే హక్కు ఓనరుకు ఉండొచ్చు, ఆ క్లాజు చదవకుండా సంతకం పెట్టకండి. పేరు ఒకరిదే ఉంటే ఆ ఒకరి మెడకే ఉరి. డిపాజిట్ ఎవరు ఎంత ఇచ్చారో కాగితం మీద ఉండాలి. చేరిన రోజే మీటరు రీడింగు, గోడల మీది మరకలు, పగిలిన టైలు తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. వెళ్ళేవాడు ఎన్ని రోజుల ముందు చెప్పాలో, కొత్త మనిషిని వెతికే పని ఎవరిదో ముందే రాసుకోండి.

ఇవన్నీ ఒక ఎత్తు. "చెబితే చేసేవాణ్ణి కదా!" అన్న మాట ఒక్కటీ ఒక ఎత్తు.

ఏం చెప్పాలయ్యా నీకు? చెత్తబుట్ట నిండితే మూత పైకి లేచి ఉంటుంది, నీ కళ్ళకది కనపడదా? సబ్బు అయిపోయిందని సీసా నీకు అర్జీ పెట్టుకోవాలా? ఏది ఎప్పుడు అయిపోతుందో, ఎవరి వంతు ఎప్పుడో బుర్రలో మోయడమే సగం పని. ఆ సగం అవతలి మనిషి నెత్తిన పెట్టి, మిగతా సగం కూడా బతిమాలించుకుని చేసి, ఆపైన నీకో థాంక్స్ కూడానా! రెండుసార్లు చెబితే సతాయింపట, మూడోసారి చెబితే శుభ్రం పిచ్చట. నోరు మూసుకుని తోమేస్తే "చూశావా, మా ఇంట్లో గొడవలే ఉండవు" అని ఊరంతా చెప్పుకుంటావు. ఉండవు మరి, ఒకడు తోముతుంటే ఎందుకుంటాయి? నువ్వు అడ్జస్ట్ అయ్యేదేమీ లేదు. నీ చుట్టూ ఇల్లే అడ్జస్ట్ అవుతోంది.

పోనివ్వండి. ప్రశ్నలన్నిటికీ బట్టీ పట్టిన జవాబులు చెప్పేవాళ్ళుంటారు కాబట్టి చివరగా ఒక చిన్న పని చేయండి. ఇల్లు చూపించాక గ్లాసెడు మంచినీళ్ళివ్వండి. తాగాక గ్లాసు ఎక్కడ పెట్టమంటారని అడిగినా ఫరవాలేదు, కడిగి బోర్లిస్తే అడ్వాన్సు అక్కడే తీసుకోవచ్చు. కూర్చున్నచోటే వదిలేసి లేచినా మొహమాటం అనుకుని క్షమించవచ్చు. అలాకాక తిన్నగా వంటింట్లోకి నడిచి, గ్లాసు సింకులో పెట్టి, కొళాయి తిప్పి అంచుదాకా నీళ్ళు నింపాడనుకోండి, మర్యాదగా నవ్వుతూ లిఫ్టు దాకా దిగబెట్టి రండి.