టోంకె ద్రాఖ్ట్‌ను నెట్‌ఫ్లిక్స్ కనిపెట్టలేదు

2020 మార్చి 20న నెట్‌ఫ్లిక్స్‌లో ‘ద లెటర్ ఫర్ ద కింగ్’ సిరీస్ వచ్చింది. ఐదు రోజులకే మన దగ్గర లాక్‌డౌన్ పెట్టారు. ఇంటిపట్టున ఉన్న జనం పిల్లలతో కలిసి ఆరు ఎపిసోడ్లూ చూసేశారు. ఆ కథ డచ్ రచయిత్రి టోంకె ద్రాఖ్ట్ రాసిన నవలది. ఆమె గురించి అప్పటినుంచీ ఒక మాట ఫోన్లలో తిరుగుతూనే ఉంది. నాకే కనీసం నాలుగుసార్లు వచ్చింది. దాని సారాంశం ఇది:

“ఎవరికీ తెలియని ఒక పిల్లల రచయిత్రి టోల్కీన్‌ని చూసి ఒక మాయల కథ రాసుకుంది. జపాన్ వాళ్ల నిర్బంధ శిబిరంలో పడ్డ కష్టాలే ఆమెను రచయిత్రిని చేశాయి. అరవై ఏళ్ల తర్వాత నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని లోకం ఆమె పేరు విన్నది.”

చదవడానికి బాగుంటుంది కాబట్టే అందరూ పంపుతున్నారు. కానీ ఇందులో దాదాపు ప్రతి మాటా తప్పే. ఆమె పుస్తకాలు ఇష్టపడి చదివినదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు తేలికైనది చూద్దాం. “ఎవరికీ తెలియని” రచయిత్రట. ఎవరికి తెలియదు? ఆ నవల డచ్‌లో 1962లో వచ్చింది. మరుసటి ఏడాది, 1963లో, నెదర్లాండ్స్‌లో ఆ సంవత్సరపు ఉత్తమ బాలల పుస్తకంగా ఎంపికైంది. 1976లో బాల, యువజన సాహిత్యానికి ఇచ్చే ప్రభుత్వ బహుమతి ఆమెకు దక్కింది. 2001లో ఆరెంజ్-నస్సావ్ రాజ పురస్కారం ఇచ్చారు. 2004లో అక్కడి బాలల పుస్తక వారోత్సవాలు యాభయ్యోసారి జరిగినప్పుడు, అన్నేళ్లలో బహుమతి పొందిన పుస్తకాలన్నిటిలోకీ ఏది గొప్పది అని చూసి ఈ నవలకే పట్టం కట్టారు. 2008లో డచ్ వాళ్లే దాన్ని సినిమా తీశారు. పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఇంగ్లీషు మాత్రం ఆలస్యంగా మేలుకుంది. లారా వాట్కిన్సన్ చేసిన అనువాదం 2013లో వచ్చింది, పుస్తకం పుట్టిన యాభై ఒక్క ఏళ్లకు. ఇంగ్లీషులో లేనిది లోకంలోనే లేనట్టు లెక్కగట్టడం మనకు అలవాటైపోయింది. మన తెలుగు రచయితల గురించి బయటివాళ్లు ఇలాగే అంటే మనకు ఎంత మండుతుంది! అదే పని మనం ఇంకో చిన్న భాషకు చేయడం నాకు నచ్చలేదు.

ఇక ఇంగ్లీషు రచయిత టోల్కీన్ సంగతి. ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. ఆయన నవల ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ 1954–55లో వస్తే, దాని డచ్ అనువాదం 1956–57లోనే అచ్చయింది. తేదీలను బట్టి ‘ఆమె చూసే అవకాశమే లేదు’ అని నేను వాదించను. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ద్రాఖ్ట్ నవలలో టోల్కీన్‌లోలా ఎల్ఫులు లేరు, మరుగుజ్జుల జాతి లేదు, ఓర్కుల సైన్యం లేదు, లోకాన్ని చీకటితో కమ్మేసే దుష్టశక్తి లేదు. ఉన్నది పదహారేళ్ల టియురి. చచ్చిపోతున్న ఒక వీరుడు ఒక ఉత్తరం అతని చేతికిచ్చి, కొండలకు అవతల ఉన్న ఉనావెన్ రాజుకు అందించమంటాడు. వీడు మాట ఇస్తాడు. ఇక నడక మొదలు.

“మరి ఉంగరం ఉందిగా” అని ఒకాయన నాతో వాదించారు. ఉంది. చనిపోయిన వీరుడి ఉంగరం టియురి దగ్గరుంటుంది. కానీ ఆ ఉంగరం ఎందుకు? నన్ను ఫలానావారు పంపారు అని చెప్పుకోవడానికి ఆనవాలు. సుందరకాండ విన్న తెలుగువాళ్లకు ఇది ఇంకొకరు వివరించాలా? అశోకవనంలో హనుమంతుడు సీతమ్మ ముందు పెట్టిన ఉంగరానికి ఏ శక్తీ లేదు, అది రాముడిదని ఆమె గుర్తుపట్టడమే దాని పని. టియురి దగ్గరున్న ఉంగరం ఆ జాతిది. టోల్కీన్ కథలోని ఉంగరం వేరే జాతిది, అందులో దుష్టశక్తి ఉంది, దాన్ని నాశనం చేయాలి. ఒక కబురు మోసుకెళ్లే కుర్రవాడి కథకు టోల్కీన్ దాకా వెళ్లక్కర్లేదు. ఐరోపాలో ఆర్థర్ రాజు కథలు ఉన్నాయి, వీరపదవి (నైట్‌హుడ్) పొందే ముందు రాత్రి జాగరణ చేసే ఆచారం ఉంది. నవల మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

‘మాయల కథ’ అనే మాటకు కారణం పుస్తకం కాదు, సిరీస్. మంత్రశక్తి, భవిష్యవాణి, లోకాన్ని చీకటిమయం చేయాలనుకునే యువరాజు, ఇవన్నీ సిరీస్ వాళ్లు చేర్చుకున్నవి. సిరీస్‌లో ఎవరికో పుట్టుకతో ఒక శక్తి ఉంటుంది, ఆ శక్తే చివరికి గెలిపిస్తుంది. పుస్తకం దీనికి పూర్తిగా ఎదురు. అందులో టియురికి ఏ శక్తీ లేదు, వాడి రాకను ఎవరూ ముందే చెప్పలేదు. వాడి చేతిలో ఉన్నది ఒక్కటే, నిర్ణయం.

ఆ మొదటి అధ్యాయం ఒక్కసారి దగ్గరగా చూడండి. ఊరి బయట చిన్న ప్రార్థనా మందిరం. ఐదుగురు కుర్రాళ్లు. తెల్లవారితే వీరపదవి. ఆ రాత్రి నిద్రపోకూడదు, తినకూడదు, నోరు మెదపకూడదు, బయటి మాట వినకూడదు. వెలుగుతున్న కొవ్వొత్తి ముందు కూర్చుని ఉంటారు. అప్పుడు తలుపు అవతల మెల్లిగా ఒక గొంతు: తలుపు తియ్యమని, దేవుడి పేరు మీద బతిమాలుతూ. టియురి తలుపు తీస్తే ఇన్నేళ్లు ఎదురుచూసిన పదవి పోతుంది. తియ్యకపోతే అవతలి మనిషి ఏమవుతాడో!

ఈ భాగం మా అమ్మాయికి రాత్రి పడుకునే ముందు చదివి వినిపించాను. అప్పుడు దానికి పదేళ్లు. నేను కావాలనే అక్కడ ఆపాను. “తియ్యకూడదమ్మా, రూల్ కదా” అంది వెంటనే. లైటు ఆర్పేశాను. కాసేపటికి చీకట్లోంచి, “అవతల ఉన్నది ముసలాయనా?” అని అడిగింది. మర్నాడు పొద్దున జడ వేయించుకుంటూ, “నేనైతే తీసేదాన్నే, తర్వాత సారీ చెప్పేదాన్ని” అంది. పదేళ్ల పిల్ల ఒక రాత్రంతా ధర్మసంకటంలో పడింది. మంత్రదండం ఉన్న కథ ఆ పని చేయదు, ఎందుకంటే అక్కడ ఎవరూ ఏదీ వదులుకోనక్కర్లేదు. సిరీస్ తీసినవాళ్ల మీద నాకు పగేమీ లేదు. కానీ ఆ కథకు గుండెకాయ లాంటిదాన్ని తీసి పక్కన పెట్టి, దాని బదులు మంత్రం పెట్టారు. దాని ఆధారంగా రచయిత్రిని అంచనా వేయడం అన్యాయం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ‘కష్టాలే ఆమెను రచయిత్రిని చేశాయి’ అన్న మాట. మెచ్చుకోలులా వినిపిస్తుంది కాబట్టి దీన్ని ఎవరూ తప్పుపట్టరు.

జరిగింది చెబుతాను. టోంకె 1930 నవంబర్ 12న బటేవియాలో పుట్టింది. ఇప్పటి జకార్తా అది. అప్పటికి ఇండోనేసియా డచ్ వాళ్ల వలస. 1942లో జపాన్ సైన్యం ఆ దీవులను పట్టుకుంది. తల్లితో, చెల్లెళ్లతో కలిపి ఆ పిల్లను బటేవియాలోనే ట్జిడెంగ్ అనే శిబిరంలో పెట్టారు. తండ్రిని వేరు చేశారు. ట్జిడెంగ్ అంటే ఊళ్లో ఒక పేట. దాని చుట్టూ వెదురు తడికెలు, ముళ్లకంచె కట్టి వేలమంది ఆడవాళ్లను, పిల్లలను కుక్కారు. తిండి చాలేది కాదు. హాజరు పేరుతో గంటల తరబడి ఎండలో నిలబెట్టి, వంగి దండాలు పెట్టించేవారు. యుద్ధం ముగిశాక ఆ శిబిరం అధికారికి మరణశిక్ష పడిందంటేనే అక్కడి పరిస్థితి అర్థమవుతుంది.

అక్కడ చదవడానికి పుస్తకాలు లేక, టోంకె కథలు అల్లి చెప్పడం మొదలుపెట్టింది. దొరికిన కాగితం ముక్కల మీద ఒక స్నేహితురాలితో కలిసి ఏకంగా ఒక నవలే రాసింది. ఇంతవరకూ నిజం. కానీ దీని నుంచి ‘కష్టం రచయిత్రిని చేసింది’ అని ఎలా తేలుస్తారు? అదే తడికెల వెనక అదే ఆకలితో వేలమంది పిల్లలు ఉన్నారు. కష్టమే రచయితలను చేసేదైతే ట్జిడెంగ్ నుంచి వేలమంది రచయితలు రావాలి. శిబిరం ఆమెకు ఇచ్చిందేమీ లేదు. బడిని, పుస్తకాలను, నాన్నను, మూడేళ్ల బాల్యాన్ని తీసుకుంది. కథ ఆమె తనతో లోపలికి తెచ్చుకున్నది. అంతకుముందే జూల్ వెర్న్ లాంటివాళ్లను చదివి ఉంది. పక్కన వినే పిల్లలున్నారు, కలిసి రాసే స్నేహితురాలు ఉంది. రాయించింది ఇవి. పిల్లల్ని బంధించినవాళ్లకు ఆ పిల్ల ప్రతిభలో వాటా ఇవ్వడం ఏం న్యాయం?

పైగా ఆ శిబిరం గేటు తెరుచుకున్న మర్నాడే ఆమె రచయిత్రి అయిపోలేదు. ఆ ఫార్వర్డ్‌లో ఈ భాగం అసలు కనిపించదు, నాకు మాత్రం ఎంతో విలువైనది ఇదే. యుద్ధం 1945లో ముగిసింది. కుటుంబం నెదర్లాండ్స్ చేరింది. పుట్టిన దేశం వదిలి, ‘సొంత దేశం’ అనబడే ఒక చలి దేశానికి. హేగ్‌లోని రాయల్ ఆర్ట్ అకాడమీలో బొమ్మలు నేర్చుకుని, బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరింది. మొదటి కథలు పిల్లల పత్రికలో 1956లో పడ్డాయి. మొదటి పుస్తకం, కవల సోదరుల కథలు, 1961లో వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్ఫై ఏళ్లు. శిబిరానికీ పుస్తకానికీ మధ్య దాదాపు పదహారేళ్ల పని ఉందన్నమాట. సాయంత్రాలు కూర్చుని రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. తన పుస్తకాలకు బొమ్మలు కూడా తనే వేసుకుంది.

అసలు టియురి కథకు తొలి శ్రోతలు ఎవరు? ఆమె క్లాసులో పిల్లలు. అల్లరి క్లాసును కుదురుగా కూర్చోబెట్టడానికి, ఒక కుర్రాడు రాత్రి మందిరంలో ఉండగా తలుపు చప్పుడైందని చెప్పడం మొదలుపెట్టింది. గోల ఆగింది. ఒకసారైనా పిల్లలకు పాఠం చెప్పినవాళ్లకు అది ఎంత పెద్ద విజయమో తెలుస్తుంది. ఎవరు ఏ పోలిక తెచ్చినా, ఆ నవల పుట్టిల్లు క్లాసుగది.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్తే తప్పవుతుంది. ఆమె వలసపాలకుల ఇంటి పిల్ల. ఆ దీవుల్లో జపాన్ రాకముందు తరాల పాటు డచ్ వాళ్లు జావా జనం చేత చెరకు, కాఫీ పండించి తీసుకుపోయారు. జపాన్ వచ్చాక కూడా వెట్టిచాకిరికి లక్షల్లో వెళ్లి చచ్చింది జావా జనమే. వలసపాలన కింద బతికిన మనం దీన్ని పక్కన పెట్టలేం. ఒక పన్నెండేళ్ల పిల్ల ఆకలి నిజం, ఆ నేలమీద జరిగిన దోపిడీ కూడా నిజం. రెండూ మనసులో పెట్టుకునే నేను ఆమెను చదువుతాను.

చివరిది, ‘పిల్లల రచయిత్రి’. ఈ మాట తప్పు కాదు, అనే తీరు తప్పు. ఏదో తేలికపాటి పని చేసినట్టు అంటారు. 1969లో ఆమె రాసిన ఒక నవల శుక్రగ్రహం మీద జరుగుతుంది. భూమి నుంచి వెళ్లిన మనుషులు ఒక గాజు గోపురం కింద బతుకుతుంటారు. బయటంతా అడవి. అందులోకి వెళ్లకూడదని నిషేధం. ఒక అన్వేషకుడు ఆ నిషేధం దాటి బయటికి అడుగు పెడతాడు. అక్కడ ఉన్నవాళ్లు మనుషుల ఆలోచనలు చదవగలరు. మనసులో ఏదీ దాచుకోలేని చోట మనిషి ఎలా మసలుకోవాలి? ఇది పిల్లల ప్రశ్నేనా? మళ్లీ చూడండి, ఇక్కడా కథ మొదలయ్యేది ఒక మూసిన తలుపు దగ్గరే. తడికెల వెనక పెరిగిన మనిషికి ఆ తలుపు మీద నుంచి చూపు మళ్లలేదని నాకు అనిపిస్తుంది. ఇది నా ఊహ మాత్రమే, కానీ ఒకటి వెంట ఒకటి ఆమె నవలలు చదివితే ఈ ఊహ రాకుండా ఉండదు.

1973లో వచ్చిన ‘ఫిబ్రవరి గోపురాలు’ మరీ ధైర్యమైన పుస్తకం. జ్ఞాపకం పోయి సముద్రపు ఒడ్డున కళ్లు తెరిచిన ఒక అబ్బాయి డైరీ అది. లీపు సంవత్సరం ఫిబ్రవరిలో మాత్రమే ఒక లోకం నుంచి ఇంకో లోకానికి దారి తెరుచుకుంటుంది. ఆ అబ్బాయి అవతలి లోకం వాడు కాబట్టి, డైరీ మొదట్లో అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి అచ్చయ్యాయి. చదవాలంటే అద్దం పట్టుకోవాలి. పిల్లలు భయపడి మూసేస్తారని ఆమె అనుకోలేదు, అద్దం తెచ్చుకుంటారని నమ్మింది. ఆ పుస్తకం మీద రచయితగా తన పేరు కూడా వేసుకోలేదు. రాసింది పేరు తెలియని ఒకరు, విరామ చిహ్నాలూ అధోజ్ఞాపికలూ మాత్రమే టోంకె ద్రాఖ్ట్‌వి అని అచ్చు వేయించింది.