బూడిద చెప్పే చరిత్ర

బళ్లారి, అనంతపురం, కర్నూలు, పాలమూరు ప్రాంతాల్లో పొలాల నడుమ బూడిద దిబ్బలు కనిపిస్తాయి. హంపి దగ్గరి దిబ్బను వాలికి దహనం చేసిన చోటుగా స్థానికులు నేటికీ చెప్పుకుంటారు. అది అగ్నిపర్వతం కక్కిన బూడిదని కొందరు, నరబలుల గుర్తని మరికొందరు ఊహించారు. కాలిన పశువుల పేడేనని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ పందొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించినా, ఆ మాట నిలబడటానికి 1957 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ ఏడాది పూర్వ మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వకాలు జరిపారు. బూడిద పొరల మధ్య పశువుల గిట్టల ముద్రలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. చుట్టూ దుంగలు పాతిన గుంతల వరుసలు ఉన్నాయి. అది దొడ్డి అనడానికి ఇంకేం కావాలి? అక్షరం తెలియని నవీన శిలాయుగపు పశుపోషకులు నాలుగైదు వేల ఏళ్ల కిందట ఇక్కడే మందలు కట్టేసి, పోగుపడిన పేడను మళ్లీ మళ్లీ తగలబెట్టారు.

వారు ఏం తిన్నారో కూడా మట్టే చెప్పింది. ఆనాటి ఆవాసాల మట్టిని నీళ్లలో కలిపితే మాడిన గింజలు పైకి తేలతాయి. అలా దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. రాజుల శాసనాల్లో దొరకని సామాన్యుడి కంచం ఇది. మన చరిత్ర శాతవాహనులతో మొదలైందని పిల్లలకు నేర్పడం ఇకనైనా మానాలి.

పేడను ఎందుకు కాల్చారన్నది నేటికీ వాదనలోనే ఉంది. పండుగ మంటలని ఆల్చిన్ భావించారు. భోగి మంటలు గుర్తొచ్చి మనకూ ఆ మాట నచ్చుతుంది. కానీ నచ్చినంత మాత్రాన అది రుజువు కాదు. ఆధారం చెప్పినంత వరకే చెప్పి ఆగడం చరిత్రకారుడి నిజాయితీ.

ఈ దిబ్బల్ని పొలాలకు ఎరువుగా, రోడ్లకు మట్టిగా తవ్వుకుపోవడం మాత్రం మమ్మల్ని కలవరపెడుతోంది. పొర మీద పొర ఉన్న క్రమమే ఇక్కడ సాక్ష్యం. ఒక్కసారి పొక్లెయిన్ దిగితే గిట్టల ముద్రలు, గింజలు, బొగ్గు అన్నీ కలిసిపోయి ఏది ముందో ఏది వెనకో తేల్చడం ఎవరి తరమూ కాదు. రైతును తప్పుపట్టి లాభం లేదు. అతనికి ఆ దిబ్బ విలువ చెప్పినవారెవరు? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పురావస్తు శాఖలు మిగిలిన ప్రతి దిబ్బనూ సర్వే నంబరుతో సహా నమోదు చేసి, హద్దురాళ్లు పాతి, ఊరివారికి వారి భాషలోనే వివరించే బోర్డు పెట్టాలి. పట్టా భూమిలో ఉన్నచోట రైతుకు పరిహారం చెల్లించాలి. వచ్చే వ్యవసాయ సీజన్‌కు ముందే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాం.