ఆవిడ మాట ఎత్తనివ్వండి

తల్లిదండ్రుల్లో ఒకరు పోయి ఇంకొకరు మిగిలినప్పుడు అమెరికాలో ఉన్న పిల్లలు పడే కంగారు నాకు అర్థమవుతుంది. అర్ధరాత్రి ఫోన్ వస్తుంది, దొరికిన ఫ్లైట్ పట్టుకుని వస్తారు, సెలవులు అయిపోయేలోపు అన్నీ చక్కబెట్టాలని చూస్తారు. అది ప్రేమే. కానీ ఆ తొందరలో మిగిలిన మనిషిని ఉన్న ఊరి నుంచి వెంటనే తీసుకుపోవడం, పోయిన మనిషి ప్రస్తావన వస్తే చాలు మాట మార్చేయడం మన ఇళ్ళలో అలవాటైపోయింది. అమెరికాలో ఉన్న మీ తెలుగు సంఘం వాళ్ళందరినీ ఆ అలవాటు మానుకోమని అడగడానికే ఈ నాలుగు మాటలు.

మాది విశాఖపట్నం. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ నిరుడు దసరా వెళ్ళాక పోయింది. చాలా ఏళ్ళ కాపురం మాది. గోదావరి అని పేరు పెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో మొదలైన రోజుల్లో నేను ఇంటికి ఎప్పుడొస్తానో నాకే తెలిసేది కాదు. ఉక్కునగరం క్వార్టర్‌లో ఇద్దరు పిల్లల చదువులు, మా అమ్మ మందులు, ఊరి నుంచి వచ్చే పోయే చుట్టాలు, అన్నీ ఆవిడే చూసుకునేది. నా జీతంలో ఏ రూపాయి ఎక్కడికి పోతోందో నాకన్నా ఆవిడకే బాగా తెలుసు. ఈ రోజు మా పిల్లలు అక్కడ ఇళ్ళు కొనుక్కుని ఉన్నారంటే అందులో ఆవిడ కష్టమే ఎక్కువ. మొహమాటానికి అనడం లేదు, ఉన్నమాట.

ఆవిడ పోయాక కాగితాల పని తొందరగానే అయింది. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి కాబట్టి పిల్లలు ఉండగానే అది చేయించారు, బ్యాంకు పని కూడా పూర్తి చేశారు. తర్వాత ఫ్లాట్ మాట వచ్చింది. "ఒక్కరే ఎందుకు నాన్నా, ఇది అమ్మేసి మాతో వచ్చేయండి" అన్నారు. ఇప్పుడు కాదన్నాను.

ఎందుకంటే ఈ ఊళ్ళో ఆవిడ ఎరిగినవాళ్ళున్నారు. ఎంవీపీ కాలనీ రైతు బజారుకు వెళ్తే కూరలమ్మే అమ్మాయి "అమ్మగారు లేత బెండకాయలు ఏరి ఏరి తీసుకునేవారు బాబూ" అంటుంది. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఎవరి చేతులతో వాళ్ళే పూజ చేసుకోవచ్చు కదా, మార్గశిర గురువారాల్లో ఎంత జనమున్నా ఆవిడ తెల్లవారుజామునే వెళ్ళి క్యూలో నిలబడేది. దారిలో పూలు కొనే దగ్గర ఇప్పటికీ నన్ను ఆవిడ గురించి అడుగుతారు. ఆషాఢ పౌర్ణమికి సింహాద్రి అప్పన్న గిరిప్రదక్షిణ వస్తుంది. ఓపిక ఉన్నన్నాళ్ళు ఆవిడ ఆ 32 కిలోమీటర్లూ నడిచింది. మోకాళ్ళు మొరాయించాక మా వీధి చివర బల్ల వేయించి, నడిచేవాళ్ళకు మజ్జిగ పోయడం మొదలుపెట్టింది. అల్లం, కరివేపాకు ఎంత వేయాలో ఇంకొకరి చేతికి వదిలేది కాదు.

హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పకుండా ఉండలేను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మా పడకగది కిటికీ అద్దాలు పగిలి గాలి లోపలికి దూసుకొచ్చింది. ఆ హోరులో పక్కనున్న మనిషి మాట కూడా వినపడలేదు. అల్మరా జరిపి తలుపుకు అడ్డం పెట్టి ఇద్దరం వంటింట్లో కూర్చున్నాం. మర్నాటికి వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ దొరకడమే గగనం. మీరు అక్కడ టీవీల్లో చూసి ఏడ్చిన రోజులవి. అప్పుడు మా ఆవిడ ఇంట్లో ఉన్న బియ్యం, పప్పు అంతా తీసి పెద్ద గిన్నెలో పులగం వండి మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ పెట్టింది. మూడో అంతస్తులో బాలింత ఉంటే, మాకని దాచిన పాలపొడి డబ్బా పట్టుకెళ్ళి ఇచ్చేసింది. ఆ బిడ్డ ఇప్పుడు స్కూలుకెళ్తోంది, మెట్ల మీద కనిపిస్తే "తాతగారూ" అని పలకరిస్తుంది. ఈ మెట్లు దిగి నేను ఎక్కడికి పోను?

మా కాలనీ మిత్రుడొకాయన భార్య పోయిన నెలకే కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్ళాడు. కొడుకూ కోడలూ చాలా మంచివాళ్ళు, బాగా చూసుకున్నారు. కానీ పగలంతా ఇంట్లో ఒక్కడే. చుట్టుపక్కల ఆయన భార్యను చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఇచ్చే ఆరు నెలలూ ఉండి తిరిగొచ్చేసరికి ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేసి ఉంది. ఆ మనిషి ఇప్పటికీ తేరుకోలేదు. అమెరికా రావద్దని నేను అనడం లేదు. మేమిద్దరం వచ్చాం, మీ సంఘం ఉగాదికి మా ఆవిడే పచ్చడి కలిపింది. ఆ మొదటి ఏడాది మాత్రం మమ్మల్ని మా ఊళ్ళో ఉండనివ్వండి.

ఇక మాట మార్చడం గురించి. అమ్మ గురించి మొదలుపెట్టగానే "ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా, మళ్ళీ బీపీ పెరుగుతుంది" అంటారు. మాట్లాడితే నాకు బీపీ పెరగదమ్మా. రోజంతా ఎవరూ ఆవిడ మాట ఎత్తకపోతేనే నాకు టెన్షన్. వీడియో కాల్‌లో "తిన్నారా, మందులేసుకున్నారా" అని అడిగాక, "అమ్మ ఆ రోజు ఏమంది నాన్నా" అని కూడా అడగండి. మనవలను అడగనివ్వండి. ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు మీ ఫోన్లలో ఉంటే, ఫోన్ మార్చే ముందు వేరేచోట భద్రం చేసుకోండి.

పరామర్శకు వచ్చినవాళ్ళలో చాలామంది "ముత్తైదువుగా పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు. వాళ్ళు ఓదార్పుగానే అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆవిడ బతికిన తీరు గొప్పది, నాకంటే ముందు పోవడం కాదు. నేనే ముందు పోయి ఉంటే ఆవిడకు ఏమి చేసేవాళ్ళో తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్ని తరాలైనా పదో రోజున గాజులు తీయించి, బొట్టు చెరిపే ఇళ్ళు మనలో ఇంకా ఉన్నాయి. నా నుదుటి మీద బొట్టు ఉందా లేదా అని ఎవరూ చూడలేదు. భర్త పోయిన ఆడమనిషిని మాత్రం శుభకార్యంలో వెనక వరసలో కూర్చోబెడతారు. మీ సంఘం వేడుకల్లో అలా జరగకుండా చూడండి. ముందు వరసకు తీసుకొచ్చి, ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమని మైక్ ఇవ్వండి.

సంవత్సరీకం అయ్యాక, ఆ పై మహాలయ పక్షం నుంచి భాద్రపద బహుళ నవమి మాకు ముఖ్యమైన రోజు. భర్త ఉండగా పోయిన ఇల్లాలిని తలుచుకునే అవిధవా నవమి అది. తిథి మీరున్న ఊరి సమయాన్ని బట్టి చూసుకోండి, మా తేదీ కంటే ఒక్కోసారి ఒక రోజు ముందే వస్తుంది. ఆ రోజు కుదిరినవాళ్ళు ఆవిడ వంటల్లో ఏదో ఒకటి మీ ఇంట్లో వండుకుని పిల్లలకు ఆవిడ గురించి చెప్పండి.

మా పిల్లలకు చెప్పేశాను. సంవత్సరీకం దాకా ఫ్లాట్ అమ్మకం మాట లేదు, ఆ తర్వాతే నా టికెట్ సంగతి. ఈలోగా ఆషాఢంలో ఇద్దరిలో ఎవరో ఒకరు రమ్మన్నాను. గిరిప్రదక్షిణకు ఈసారీ మజ్జిగ బల్ల వేస్తున్నాం, నా ఒక్కడి వల్ల కాదు.