నెత్తి మీద నంబరు

భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది 1996లో. దెబ్బ తగిలే చోట పనిచేసేవాళ్లకు హెల్మెట్లు యజమానే ఇవ్వాలని ఆ చట్టం కింద రూల్స్ కూడా వచ్చాయి. మా బిల్డర్ సార్‌ను కదిలించింది మాత్రం చట్టం కాదు, నార్సింగిలో మా పక్క సైటు. అక్కడ ప్రతి నెత్తి మీదా ఒక హెల్మెట్, ప్రతి హెల్మెట్ మీదా కంపెనీ బొమ్మ. "వాళ్ల లేబర్ నడుస్తుంటే హోర్డింగులు నడుస్తున్నట్టుందయ్యా. అద్దె కూడా లేదు" అని సార్ రెండు రోజులు కుమిలిపోయి, స్టోర్స్ చూసే నన్ను పిలిచారు.

మొదట రంగు దగ్గరే బండి ఆగింది. ఇంజనీర్లకు తెలుపు, కూలీలకు పసుపు, ఎలక్ట్రీషియన్లకు నీలం, సేఫ్టీ వాళ్లకు ఆకుపచ్చ అనేది చాలా సైట్లలో ఆనవాయితీ. పసుపు అనగానే సార్ ఉలిక్కిపడ్డారు. "అది ఒక పార్టీ రంగు కదా!" గులాబీ ఇంకో పార్టీది. కాషాయం సంగతి సరేసరి. పర్మిషన్ల కోసం అన్ని పార్టీల గడపలూ తొక్కే మనిషి, ఆయన భయం ఆయనది. ఇంతలో వాళ్ల మామగారు దిగారు. లోగో ఈశాన్యంలో ఉండాలన్నారు. నెత్తికి ఈశాన్యం ఎటు? మేస్త్రి తల అటు తిప్పితే ఈశాన్యం కూడా తిరుగుతుంది కదండీ అని మా సేఫ్టీ కుర్రాడు నోరు జారాడు. మామగారు ఆ రోజంతా వాడితో మాట్లాడలేదు. చివరికి పసుపే అన్నారు. శుభకార్యాల రంగు అని మామగారే ఒప్పించారు.

హెల్మెట్లు కొనడానికి సికింద్రాబాద్‌లో రాణీగంజ్ వెళ్లాం. సేఠ్ ఒక హెల్మెట్ తీసి నేల మీద బోర్లించి, దాని మీద ఎక్కి నిలబడ్డాడు. సేఫ్టీ కుర్రాడు ఆ విన్యాసం చూడలేదు. హెల్మెట్ తిరగేసి, అంచు కింద సైటు హెల్మెట్ల ప్రమాణం ఐఎస్ 2925 ముద్ర ఉందా, తయారైన నెల, ఏడాది చూపించే చిన్న బాణం గుర్తు ఎటు ఉంది అని వెతుకుతున్నాడు. సార్ అడిగింది ఒక్కటే: "దేని మీద లోగో బాగా పడుతుంది?"

సేఠ్ నిజాయితీపరుడు. హెచ్‌డీపీఈ రకం ప్లాస్టిక్ మీద ఇంకు ఊరికే నిలవదని, ముందు మంటతో పైపైన కాల్చాలని, ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ అయితే ఆ బాధ లేదని చెప్పాడు. సార్ వెంటనే ఏబీఎస్ అన్నారు. నాకూ సంతోషమే, సరుకు మంచిదే. కానీ అక్కడ పెట్టిన డబ్బు ఇంకోచోట రాబట్టాలి కదా! మెడ వెనక మర తిప్పితే తలకు సరిపోయే రాట్చెట్ రకం వద్దని, పట్టీ పీకి బొడిపెల్లో గుచ్చుకునే చవక రకం చాలన్నారు. గడ్డం పట్టీలు కూడా అక్కర్లేదనబోయారు. కుర్రాడు దాదాపు కాళ్ల మీద పడితే ఆ మాట వదిలేశారు.

ఇక ప్రింటింగ్. హెల్మెట్ గుండ్రం, పైగా మధ్యలో గట్లు. మెత్తటి సిలికాన్ ముద్ద ఇంకును ఎత్తుకుని, హెల్మెట్ మీద ఒత్తి లేస్తుంది. అచ్చు దిగేది నుదుటి పైన ఉన్న ఆ కాస్త చదును జాగాలోనే. అందులో సార్‌కి పట్టాల్సినవి: లోగో, అమ్మానాన్నల పేరు మీద పెట్టిన కంపెనీ పేరు, ఉదయించే సూర్యుడు, 'టూ, త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్లు లభించును'. ప్రింటర్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. బేరాలయ్యాక ముందు లోగో, వెనక ఫోన్ నంబర్ అని తేలింది. ఆఫీసు నంబర్ వేయిద్దామన్నాను. "వద్దు, నా సెల్ నంబరే వెయ్యి. కస్టమర్ డైరెక్టుగా నాతోనే మాట్లాడాలి."

సైటులో పంచిన రోజు ఫొటోలు తీశారు. తట్ట మోసే అక్క మాత్రం అడగాల్సింది అడిగింది. "సారూ, ఇది నెత్తికి వెట్టుకుంటే తట్ట యాడ వెట్టాలె?" తట్టలు నెత్తి మీద మోయకూడదని కుర్రాడు ఉపన్యాసం ఎత్తుకున్నాడు. అక్క శాంతంగా విని, హెల్మెట్‌ను తట్టలో పెట్టి, తట్టను నెత్తికెత్తుకుంది. "ఇప్పుడు నెత్తి మీదనే ఉన్నది గద!"

మగవాళ్లు ఇంకో సౌకర్యం కనిపెట్టారు. హెల్మెట్ డిప్పకీ తలకీ మధ్య ఖాళీ ఉంటుంది. పైనుంచి ఏదైనా పడితే లోపలి పట్టీలు సాగి దెబ్బను అక్కడే ఆపుతాయి కాబట్టి ఆ ఖాళీయే అసలు ప్రాణం. అందులోకి ముందు బీడీకట్ట చేరింది, తర్వాత ఖైనీ, ఆ తర్వాత సెల్‌ఫోన్. ఒకతని నెత్తి మీద ఫోన్ మోగితే మూడో అంతస్తులో సెంట్రింగ్ వాళ్లంతా పని ఆపి నవ్వారు.

అసలు కథ సాయంత్రం గేటు దాటాక మొదలైంది. బండి మీద కూడా ఆ హెల్మెట్లే! బండి హెల్మెట్‌కు ఐఎస్ 4151 అని వేరే ప్రమాణం ఉందని మేస్త్రికి ఎవరు చెప్పాలి? కెమెరా చెప్పింది. మేస్త్రి తిరిగే బండి సార్ పేరు మీదే ఉంది కాబట్టి ఈ-చలానా నేరుగా సార్‌కే వచ్చింది. ఫొటో వెనక నుంచి తీశారు. బండి నంబర్ కన్నా సార్ సెల్ నంబరే స్పష్టంగా ఉంది.

చలానాతో పోతే బాగుండేది. హోర్డింగు నిజంగానే పనిచేయడం మొదలుపెట్టింది. "మీ మనిషి మా గేటుకు అడ్డంగా బండి పెట్టిండు." "మీ వాళ్లు నలుగురు మిర్చీలు తిని పైసలియ్యలే." ఫ్లాటు గురించి ఒక్క ఫోను రాలేదు. ఒక ఆదివారం రాత్రి, సార్ వియ్యాలవారింట్లో భోజనానికి కూర్చున్నప్పుడు, కల్లు కాంపౌండ్ నుంచి వచ్చింది: "సేటు, మీ టోపీ మాకాడ కుదువ వెట్టిండ్రు. బాకీ కట్టి ఇడిపిచ్చుకపోండ్రి." స్పీకర్ ఆన్‌లో ఉందని తర్వాత డ్రైవర్ చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే ఆర్డర్. అన్ని హెల్మెట్ల మీదా నంబర్ చెరిపేయాలి. పెయింటర్లు థిన్నర్ గుడ్డలతో కూర్చున్నారు. నంబర్ పోయింది, దాంతో పాటు మెరుపూ పోయింది. ఏబీఎస్‌కు థిన్నర్ పడదు. వెనకంతా తెల్లగా మసకబారి, వేలు పెడితే జిగురు. కుర్రాడు పరిగెత్తుకొచ్చి చూసి, ఇక వీటి గట్టితనం నమ్మలేం, ఒక్కటి కూడా తలకు పెట్టనివ్వనని భీష్మించాడు. ఆ రోజు స్లాబ్ పని ఆగింది.

మళ్లీ రాణీగంజ్. సేఠ్ చాయ్ తెప్పించాడు, నిలబడి చూపించే శ్రమ ఈసారి తీసుకోలేదు. సార్ మారు మాట్లాడకుండా రాట్చెట్ రకం తీసుకున్నారు. ప్రింటర్ ఫోన్ చేశాడు.

"ముందు లోగో వేస్తున్నా సార్. వెనక ఖాళీగా వదిలేయమంటారా?"

సార్ కాసేపు ఆలోచించారు.

"ఎందుకు వదలాలి? నంబర్ ఉండాల్సిందే" అని నా వైపు తిరిగారు. "నీ సెల్ నంబర్ చెప్పవయ్యా."