క్రాస్ అయితే జబ్బులు రావా?
గ్రేట్ డేన్, మాస్టిఫ్ అనే రెండు భారీ జాతులను కలిపి పుట్టించిన కుక్కల గురించి మీ వ్యాసంలో, క్రాస్ కాబట్టి వాటికి జబ్బులు తక్కువ అని రాశారు, అది ఒప్పుకోలేను. తల్లికో జబ్బు, తండ్రికో జబ్బు ఉంటే ఆ లెక్క కొంత పనిచేస్తుందేమో. ఇక్కడ రెండు వైపులా ఉన్నవి అవే కదా: తుంటి కీలు సరిగా అమరకపోవడం, కడుపు ఉబ్బి మెలిపడటం. మా ఇంట్లో ఉన్నదీ ఈ రకమే. స్వభావం శాంతం అని మీరు రాసింది మాత్రం అక్షరాలా నిజం. పిల్లలు చెవులు లాగినా పట్టించుకోదు, ముందు కాళ్లు నేల మీద ఉంచి మనిషిలా సోఫా అంచున కూర్చుంటుంది, ఒళ్లో తల పెట్టిందంటే చొంగతో బట్టలు తడవాల్సిందే. కడుపు మెలిపడుతుందేమోనన్న భయంతో టెన్షన్ అంతా తిండి దగ్గరే. ఒకేసారి పెట్టకుండా రెండు మూడు పూటలుగా పెడతాం, తిన్న వెంటనే పరుగెత్తనివ్వం. పొట్ట డప్పులా బిగిసి, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాక అవస్థ పడుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు, గంటల్లో ప్రాణం పోతుంది. ఇంత ముఖ్యమైన లక్షణాలు వ్యాసంలో లేవేంటి? ఎముకలు గట్టిపడాలని కూనలకు కాల్షియం పొడి కలిపే అలవాటు కూడా చాలామందికి ఉంది. ఇంత పెద్ద కుక్కల కూనల్లో అది ఎక్కువైతే ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది, డాక్టరు చెబితే తప్ప కలపొద్దు.