గుమ్మం మీది ఫలకం

మొన్నటి బతుకమ్మ నాడు జరిగింది నాకింకా మింగుడు పడడం లేదు. హాలుకు పోయే ముందు అందరం లండన్‌లో మన హారో అండ్ వీల్డ్‌స్టోన్ రైల్వే స్టేషన్ దగ్గర కలుసుకోవడం మనకు అలవాటే కదా. చామంతుల డబ్బాలు, నీళ్ల సీసాలు, స్పీకర్లు అన్నీ తూర్పు గుమ్మం పక్కన గోడకు ఆనించి ఫొటోలు దిగుతున్నాం. ఒక పెద్దాయన చిన్న పూలగుత్తి పట్టుకొని వచ్చాడు. "ఈ డబ్బాలు కొంచెం జరుపుతారా?" అని అడిగాడు. "ఫైవ్ మినిట్స్" అన్నారు మనవాళ్లు. ఆయన నిలబడ్డాడు. ఐదు నిమిషాలు పదయ్యాయి, ఇరవై అయ్యాయి. చివరికి పూలు చేతిలో పట్టుకొనే వెనక్కి తిరిగాడు.

నేను వెంట పోయి ఆపాను. "మా నాన్న ఆ రోజు ట్రింగ్ బండిలో ఉన్నారు" అన్నాడు, అంతే. ఏ రోజో నాకు తెలియలేదు. పదిహేనేళ్లుగా ఆ గుమ్మంలోంచే ఆఫీసుకు పోతున్నాను. తలెత్తి ఆ ఫలకం చదివింది ఆ సాయంత్రమే.

1952 అక్టోబర్ 8, ఉదయం 8 గంటల 19 నిమిషాలు. ట్రింగ్ నుంచి యూస్టన్ పోయే లోకల్ బండి, దాదాపు 800 మందితో ప్లాట్‌ఫాం మీద ఆగి ఉంది. పొగమంచు వల్ల ఆలస్యంగా, స్కాట్లాండ్‌లోని పెర్త్ నుంచి వస్తున్న రాత్రి బండి ఎర్ర సిగ్నల్ దాటొచ్చి దాన్ని వెనకనుంచి గుద్దింది. ఆ శకలాలు సర్దుకోకముందే యూస్టన్ నుంచి ఉత్తరానికి పోయే ఎక్స్‌ప్రెస్ వచ్చి వాటిమీద పడింది. 112 మంది పోయారు, 340 మంది గాయపడ్డారు. పెర్త్ బండి డ్రైవర్, ఫైర్‌మన్ కూడా పోవడంతో సిగ్నల్ ఎందుకు దాటారో తేలనే లేదు. ఇంజిన్ లోపలే హారన్ మోగించి డ్రైవర్‌ను హెచ్చరించే ఏర్పాటు దేశమంతటా పెట్టాలన్న పని ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఆ రోజు రైస్‌లిప్ స్థావరం నుంచి పరుగున వచ్చిన అమెరికన్ వైమానిక దళం నర్సు అబీ స్వీట్‌వైన్ గురించి మన ఆడపిల్లలకు చెప్పాలి. నల్లజాతి అమ్మాయి. వైద్యం అందినవాళ్లను గుర్తుపట్టేందుకు తన లిప్‌స్టిక్‌తోనే వాళ్లమీద గుర్తులు పెట్టింది. ఆరో నంబరు ప్లాట్‌ఫాం దేవత అని పత్రికలు రాశాయి. ఎక్కడినుంచో వచ్చి, ఈ ఊరివాళ్ల కష్టాన్ని తన కష్టం అనుకున్న మనిషి ఆమె.

 

మాది పాలమూరు. 1956లో జడ్చర్లకూ మహబూబ్‌నగర్‌కూ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది, వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో తమిళనాట అరియలూరు రైలు ప్రమాదం తర్వాతే ఒప్పుకున్నారు. బళ్లో మాకు శాస్త్రిగారి రాజీనామా గురించి చెప్పారు, పోయినవాళ్ల గురించి చెప్పలేదు. మా అవ్వ మాత్రం బండి ఆ వంతెన ఎక్కగానే మాటలాపి, కిటికీ చువ్వల్లోంచి రెండు చేతులూ జోడించేది. "ఆడ పోయినోళ్లున్నరు బిడ్డా" అనేది. ఆ వంతెన దాటేదాకా మమ్మల్నీ మాట్లాడనిచ్చేది కాదు.

మన వాలంటీర్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వారమంతా ఉద్యోగం చేసి, సౌతాల్ నుంచి పూలు మోసుకొచ్చి, రాత్రంతా మేలుకొని బతుకమ్మలు పేర్చిన చేతులవి. తెలియక జరిగింది. కానీ మర్నాడు గ్రూపులో "స్టేషన్ దగ్గర ఒక ముసలాయనతో ఇబ్బందయింది, వచ్చేసారి వేరేచోట కలుద్దాం" అని మెసేజ్ వచ్చింది, కింద ముప్పై బొటనవేళ్లు. తెలిశాక కూడా మనకు తోచింది అదేనా? ఊళ్లో ఏ పండుగకైనా ముందు బొడ్రాయికి నీళ్లు పోసేవాళ్లం కదా. పూలు తెచ్చుకున్నాం, పాటలు తెచ్చుకున్నాం, ఆ ఒక్క అలవాటునూ అక్కడే వదిలేసి వచ్చాం. ఈ ఊరికి బొడ్రాయి ఆ ఫలకమే అంటాను నేను.

కమిటీవారికి నా మనవి ఇది. చోటు మార్చకండి. అక్టోబర్ 8న ఉదయం 8 గంటల 19 నిమిషాలకు ఆ గుమ్మం దగ్గర నిలబడదాం. స్పీకర్ వద్దు, బ్యానర్ వద్దు. స్టేషన్ సిబ్బందిని ముందే అడుగుతాను, వచ్చేపోయేవాళ్లకు అడ్డం లేకుండా గోడవారన ఒక్క చిన్న బతుకమ్మ పెడదాం. పూలు నేనే తెస్తాను. ఆ పెద్దాయన వస్తే ఆయన పూలగుత్తికి ముందు చోటిద్దాం.